ఒక్క ఆదివారం, ఏడు గౌన్లు

ఫిల్మ్‌నగర్‌లో కో-డైరెక్టర్ సుబ్రహ్మణ్యానికి గొప్ప పేరు. హీరో నిన్న ఎన్ని గుండీలు విప్పుకున్నాడో ఇవాళా సరిగ్గా అన్నే విప్పించగల మనిషి. అలాంటివాడు ఇంట్లో తీసిన సినిమా ఎలా తన్నేసిందో చెబుతాను వినండి.

ఆయన కూతురు మనోజ్ఞకి ఏడేళ్లు. అలసిపోతే ఎడమకన్ను బయటివైపు జరిగిపోతుంది. రోజూ పావుగంట వ్యాయామం చేయిస్తే దారికొస్తుందని కంటి థెరపిస్టు వందన చెప్పింది. దారానికి మూడు పూసలు. ఒక కొస పిల్ల ముక్కు దగ్గర, రెండోది పెద్దవాళ్ల చేతిలో. పిల్ల ఒక్కో పూస మీదా రెండు కళ్లూ నిలపాలి.

ఆయన భార్య సత్యలక్ష్మి టీచర్ల ట్రైనింగుకి విజయవాడ వెళ్తూ, "వారంరోజులూ చేయించి, వీడియోలు నాకూ వందనకీ పంపండి. ఇది పిల్ల కన్ను, మీ షూటింగ్ కాదు," అంది.

"నాకా చెబుతున్నావ్?" అన్నాడాయన.

ఒకే ఇంట్లో జరిగే సీన్లన్నీ ఒకేరోజు తీసెయ్యడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఆ ఆదివారమే మొదలెట్టాడు. గౌను మార్చు, జడ మార్చు, గోడమీద క్యాలెండర్ కాగితం చింపు. మధ్యాహ్నానికి వారమంతా అయిపోయింది! పిల్లకి ఐస్‌క్రీమ్, ఆయనకి సెలవు. రోజుకొకటి పంపుతూ తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఏడోది పంపిన సాయంత్రం సత్యలక్ష్మి ఊరినుంచి దిగింది. వెంటనే వందన ఫోను. ఆయన స్పీకర్లో పెట్టాడు.

"ఏంది సార్ గిట్లయింది? సోమవారం పాప కన్ను మంచిగుండె. ఇవాళ మొత్తం బయటికి పోయింది. గిట్లనే అయితే ఆపరేషన్ సంగతి ఆలోచించాలె."

సత్యలక్ష్మి కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇంత శ్రద్ధగా చేయించినా ఇలా అయిందేంటండీ!"

"ఆపరేషనొద్దు!" అని అరిచాడు సుబ్రహ్మణ్యం. "ఏడూ ఒక్కరోజే తీశాను. చివరికొచ్చేసరికి పిల్ల అలసిపోయింది. తప్పు నాది!"

వందన నవ్వింది. "గురువారమే తెలిసింది సార్. అది వారంల పాడైన కన్ను కాదు, ఒక్క పూటల అలసిన కన్ను. మేడమ్‌కి అప్పుడే చెప్పిన."

సత్యలక్ష్మి కొంగు దించింది. కంట్లో చుక్క తడి లేదు. "గ్లిజరిన్ లేకుండానే చేశాను. ఎలా ఉందండీ?"

పిల్లకి వారం వ్యాయామం పోగొట్టానని అప్పుడు తట్టి, ఆయన నిజంగానే సిగ్గుపడ్డాడు.

మర్నాటినుంచి వందన ఎదుట వీడియో కాల్‌లో లైవ్. పావుగంట కావస్తుంటే దారం పట్టుకున్న ఆయన చెయ్యి నొప్పెట్టి కాస్త దిగింది.

మనోజ్ఞ రెండు కళ్లూ పచ్చపూస మీద తిన్నగా నిలిపి, "నాన్నా, చెయ్యి కదిలింది. మళ్లీ మొదట్నుంచి!" అంది.