గులాబీ చెమట

గడియారాల మేస్త్రి జీవితమంతా చేసిన పని ఒక్కటే. ముందుకు పరిగెత్తే ముల్లుని వెనక్కి లాగడం, వెనకబడ్డ ముల్లుని ముందుకు తోయడం. అందుకే డాక్టరమ్మ "మీరు బరువు తగ్గాలి" అనగానే ఆయన చూపు సొంత పొట్ట మీద పడలేదు. బరువు మిషను ముల్లు మీద పడింది.

అసలు ఆలుమగలిద్దరూ వెళ్ళింది పొట్ట కోసం కాదు, బుర్ర కోసం. ఆయన కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది. పాలగిన్నె బట్టల బీరువాలో దొరికింది. "కాళ్ళు కదిలితే బుర్రకీ మంచిదమ్మా. రోజూ చెమట పట్టేదాకా నడిపించండి" అని డాక్టరమ్మ ఆయన్ని భార్యకి అప్పగించింది.

"మోకాళ్ళు సహకరిస్తే మీ వెనకే వచ్చేదాన్ని" అందావిడ.

ఆ మోకాళ్ళకి మేస్త్రి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచీ ఆయన నడక వీధి మలుపు దాకా సాగేది. అక్కడ పాత స్నేహితుడి సెలూన్ ఉంది. స్నేహితుణ్ణి అందరూ కత్తెర అంటారు. మేస్త్రి తిరుగుడు కుర్చీలో పేపరు చదువుకుని, లేచేముందు వీపు తిప్పేవాడు. కత్తెర గిరాకీల తలకి కొట్టే పన్నీటి సీసా తీసి చొక్కా మీద బుస్సుబుస్సుమని కొట్టేవాడు.

"వదినగారికి తెలిస్తే?"

"చెమటకి సంతకం ఉంటుందటరా?"

ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా ఇంట్లోని బరువు మిషను అడుగున, ముల్లుని జరిపే చిన్న చక్రాన్ని కాస్త తిప్పేవాడు. తిప్పానా లేదా అని అనుమానం వస్తే మరోసారి తిప్పేవాడు. అనుమానం తరచుగా వచ్చేది.

ముల్లు దిగుతుంటే భార్య పొంగిపోయింది. మేడమీది పిన్నిగారికి చెప్పింది. ఆవిడొచ్చి మిషనెక్కి కెవ్వుమంది. "నేనూ తగ్గానే! వాకింగ్ చేసేవాళ్ళ ఇంటిమీద కాపురమున్నా తగ్గుతాం కాబోలు!" ఆ ఆనందంలో కేకు తెప్పించింది. మేస్త్రి రెండు ముక్కలు తిని, పట్టుదల గురించి నాలుగు మంచిమాటలు చెప్పాడు.

ఆవిడ వెళ్ళాక భార్య మిషనెక్కింది. దిగింది. మళ్ళీ ఎక్కింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఏమైందే?"

"తిండి తగ్గలేదు, నడక లేదు. ఇంత ఎలా తగ్గిపోయానండీ? మా అమ్మకీ ఇలాగే మొదలైంది."

మేస్త్రి నోట్లోని మూడో కేకు ముక్క మట్టిముద్దయింది. నిజం చెప్పేస్తే పోయేది. చెప్పడానికి ముఖం చెల్లలేదు. గుట్టుగా సరిచేద్దామని మిషను దగ్గర కూర్చుని చక్రం మీద వేలు పెట్టాడు. ఇంతకాలం తిప్పింది ఎటువైపు? ఊళ్ళో గడియారాలన్నీ సరిచేసిన వేలికి గుర్తు రాలేదు. అందాజుగా తిప్పాడు. మర్నాడు ఆవిడ మిషనెక్కితే ముల్లు ఇంకా దిగింది.

ఆ తర్వాత రోజు ఆవిడ ఆయన్ని వంటింట్లోకి పిలిచింది. "ఇది ఉప్పు, ఇది పంచదార. రేపు నేను లేకపోతే కలిపేసుకుంటారు. పొయ్యి ఇలా వెలిగించాలి."

మేస్త్రి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఛ, అవేం మాటలు! అది... మిషను తప్పయ్యుంటుందే."

"మీరుండగా మిషను తప్పు చూపిస్తుందా?" అంటూ ఆవిడ మూతి విప్పని పదికిలోల పిండి సంచి లాక్కొచ్చి మిషను మీద పెట్టింది. ముల్లు ఆరు దగ్గర ఆగింది.

"చెప్పండి. ఈ సంచి కూడా మీతో వాకింగుకి వచ్చిందా?"

మేస్త్రి తల నేలకి దిగిపోయింది.

"మొదట నిజంగానే ఏడ్చాను. నిన్న ఈ సంచి తూచాక ఏడుపు మానేశాను. మీ చొక్కాల సంగతి ముందే చూడాల్సింది. ఏ మగాడి చెమట గులాబీ వాసనొస్తుందండీ?"

"క్షమించవే. సరిచేద్దామనే చూశాను. ఎటు తిప్పానో గుర్తు రాలేదు."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "నా భయం అదేనండీ. మీ పొట్టతో నాకేం పేచీ? మొన్న నన్ను మీ చెల్లెలి పేరు పెట్టి పిలిచారు. పిలిచినట్టు కూడా మీకు తెలీదు."

మేస్త్రికి నిజంగానే తెలీదు. ఆ సిగ్గు ముందు చక్రం తిప్పిన సిగ్గు చాలా చిన్నదైపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుని గుమ్మం దిగింది. ఆయన చెయ్యందించాడు. సెలూన్ ముందు కత్తెర అలవాటుగా సీసా ఎత్తి, వదినగారిని చూసి, ఆ నీళ్ళు తన మొహం మీదే కొట్టుకున్నాడు. మేస్త్రి తలెత్తకుండా దాటేశాడు.

తిరిగొచ్చాక ఆవిడ రొప్పుతూనే ఆయన వీపు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

"అబ్బ, కంపు!" అంది, కొత్త చీర కొనిచ్చినంత సంబరంగా. "స్నానం చేసి వంటింట్లోకి రండి. పాఠం ఇంకా అయిపోలేదు. కొత్త పని నేర్చుకోవడం కూడా బుర్రకి మంచిదేనట."