ఒకటిన్నర చుట్టు దిగ్విజయము

వినుడు, వినుడు! భోజనవిరామ ఘంటకు అరగంట ముందు, వెల్డింగు యంత్రముల మరమ్మతు నేర్పు శిక్షణాలయమున, పంకా తిరుగుచున్నను గాలి రాని నాలుగవ నంబరు గదిలో, లోహధూళిధూసరిత వేదికపై, అరుణకాంతివిరాజితమై ఒక వెల్డింగు యంత్రము కొలువుదీరియుండెను. దాని ఉదరమున ఇనుపతీగ చుట్ట. ఆ తీగను వెల్డరు చేతబట్టు గన్నులోనికి త్రోయు రెండు బుల్లి చక్రములు. ఆ చక్రములను అదిమిపట్టు నల్లని నాబు ఒకటి. బొటనవ్రేలంత ఆ నాబే ఈ కథలోని మహారాక్షసుడు.

వానితో తలపడ వచ్చిన వీరనారి పదునెనిమిదేండ్లు దర్జీపని చేసి, రెడీమేడు దుస్తుల దండయాత్రలో గిరాకీ సమస్తము కోల్పోయి, నలువది మూడవయేట ఈ విద్యకు వచ్చినది. తరగతి యావత్తు ఆమెను పిన్నిగారనును. మాస్టారి యెదుట పది నిమిషములలో యంత్రము బాగుచేయు పరీక్ష ఇప్పటికి రెండుమార్లు తప్పినది. ఇది మూడవది, కడపటిది. ఇదియు తప్పినచో శిక్షణాలయపు నీలికోటు అప్పగించి ఇంటిదారి పట్టవలసినదే. ఇంటిలోనో, కోడలి చదువుపై అపారమైన అపనమ్మకము గల అత్తగారు పాత కుట్టుమిషనుపై గుడ్డ తీసి, నూనె వేసి, దారమెక్కించి మరీ కూర్చున్నారు.

మొదట రణరంగమున దుమికినవాడు 'పిడికిలి' బిరుదాంకితుడైన సహవిద్యార్థి. అతడు బిగించిన నీళ్ళసీసా మూతను తీయుటకు మరల అతడే రావలెను. మీట నొక్కగనే తీగ గన్నులోనికి పోక, చక్రముల చెంత మెలికలు తిరిగి పిచ్చుకగూడయ్యెను.

"పట్టు చాలట్లేదు సార్! నేను బిగిస్తే చూడండి!" అని అతడు నాబును బిగించెను. పిచ్చుకగూడు కాకిగూడయ్యెను. దంతములు కరచి మరల బిగించెను. తీగ యంత్రము వెలుపలికి ఉరికి అతని చొక్కా గుండీని పట్టుకొనెను.

"వచ్చే బ్యాచ్‌లో చూద్దాం నాయనా," అని మాస్టారు గుండీని విడిపించి, "పిన్నిగారూ, మీరు రండి. పది నిమిషాలే," అనెను. వయసున అతడు ఆమె కొడుకు వంటివాడు. మార్కులు వేయునప్పుడు మాత్రము కాదు.

"ఓరీ కాలమేఘవర్ణా! తీగమార్గనిరోధకా! నీ గర్వమడచి గాని ఈ కోటు విప్పను!" అని ఆమె హృదయమున గర్జించి, పైకి మాత్రము, "సార్, ఆ కటింగ్ ప్లేయర్ ఇటిస్తారా?" అనెను.

యంత్రము ఆపి, చిక్కు కత్తిరించి పారవేసినది. పిమ్మట ఆమె చేయి తనంతట తానే నాబుపైకి పోయెను, బిగించుటకే. గత రెండు పరీక్షలలోను చేసినది అదే. అంతలో బల్లపై పడియున్న గూడు కంటబడి చేయి ఆగిపోయెను. ఇటువంటిది ఎక్కడో చూచినది! పెండ్లయిన క్రొత్తలో, కుట్టుమిషను అడుగున, అచ్చముగా ఇవే దారపు గూళ్ళు. తాను మర బిగించబోగా అత్తగారు చేతిపై ఒక్కటి వేసి, "వదులు చెయ్యవే తల్లీ! ముందుకెళ్ళే దారి లేకపోతే అదెక్కడికి పోతుంది?" అనిరి. ఆ దెబ్బ చురుకు ఈనాటికి పనికివచ్చెను.

ఆమె గన్ను మూతిని విప్పి చూచెను. రంధ్రమున కరిగి గడ్డకట్టిన లోహపు పొక్కు! సూదిబెజ్జము శుభ్రపరచినంత ఒడుపుగా దానిని తొలగించెను. పిదప సర్వలోకములు ఊపిరి బిగబట్టగా, నాబును ఒకటిన్నర చుట్టు వదులు చేసెను.

"అయ్యయ్యో, వదులు చేస్తున్నారేంటి పిన్నీ!" అని పిడికిలి ఆర్తనాదము చేసెను.

మీట నొక్కగా తీగ సరసరమని బయటికి వచ్చెను. దారి మూసినను తీగ చిక్కుపడునేమో చూడ, మాస్టారు గన్ను మూతికి చెక్కముక్క అడ్డుపెట్టెను. వదులైన చక్రములు తీగపై జారినవే గాని తీగ గూడు కట్టలేదు.

"అదీ లెక్క! పాస్. ఎవరు నేర్పారండీ మీకు?"

ఆమె ఫోను తీసి ఇంటికి కలిపినది.

"అత్తయ్యా, పాసయ్యాను. మీరు చెప్పిందే చేశాను... వదులు చేశాను."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"చేతి మీద కొట్టానని ఇన్నేళ్ళూ సాధించావుగా! సర్లే... మిషన్ మీద గుడ్డ కప్పెయ్యనా మరి?"

"కప్పెయ్యండి అత్తయ్యా."

ఇట్లు ఒకటిన్నర చుట్టు సంగ్రామము ముగిసి, దశదిశలు మార్మ్రోగునట్లు భోజనఘంట మ్రోగుచుండగా, ఒక ఇంటి మూలన ఒక కుట్టుమిషనుపై పూలగుడ్డ కప్పబడెను.