భోజన రంగంలో అపార అనుభవం

బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండి పెట్టడానికీ, గదులూ గిన్నెలూ శుభ్రం చేయడానికీ అర్హులైన వారి నుంచి టెండర్లు కోరడమైనది. ఈ ప్రకటన బడి గోడ మీద అంటించిన సమయానికి, అర్హురాలైన మనిషి అదే గోడకు అవతల వంటగదిలో కూర కలుపుతోంది. పిలుస్తున్నది తన పనికేనని ఆవిడకు తెలియదు.

ఆవిడను పిల్లలు వంటక్క అంటారు. పంతుళ్లూ అలాగే అంటారు. ఏళ్ల తరబడి ఆ బడికి వండేదీ ఆవిడే, ఊడ్చేదీ ఆవిడే. ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు లేని పని మీద పై అధికారులకు అనుమానం రావడం సహజం. పోటీ లేకుండా ఇంత బాగా ఎలా జరుగుతోందని వాళ్లు తీవ్రంగా ఆందోళన చెంది, ఇకమీదట బాగా జరిగినా సరే, నిబంధనల ప్రకారమే జరగాలని తీర్మానించారు.

గడువు ముంచుకొస్తున్నా టెండరు వేసింది వంటక్క ఒక్కతే. హెడ్‌మాస్టరు మంచివాడు. ఎవరికీ హాని చేయకూడదనే ఉద్దేశంతో ఆయన ఏమీ చేయడు. అంతటివాడు వంటగది గుమ్మం దాకా నడిచి వచ్చాడు.

"చూడమ్మా, ఒక్కరే వేస్తే పోటీ కాదట. ముగ్గురన్నా ఉండాలట. ఇంకో ఇద్దర్ని నువ్వే చూసుకోవాలి."

"నా పని లాక్కునేవాళ్లని నేనే వెతుక్కోవాలా సార్?"

"లాక్కోరమ్మా, ఓడిపోతారు. మనకి కావాల్సింది ఓడిపోయేవాళ్లే. నీ వాళ్లయితే నమ్మకంగా ఓడతారు."

నమ్మకంగా ఓడేవాళ్ల కోసం వంటక్క ఎంతో దూరం పోలేదు. మగడికి వంటగది ఎటువైపుందో వాసన పట్టి తెలుసు. అత్తగారు చీపురు ముట్టుకుని చాలా కాలమైంది. ఇద్దరి చేతా టెండరు వేయించి, "స్వామీ, వీళ్లని మాత్రం గెలిపించకు" అని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. అయినవాళ్ల అపజయం కోసం అంత భక్తిగా మొక్కుకున్న ఇల్లాలు మరొకరు ఉండరు.

అయితే మగడు సత్యసంధుడు. అబద్ధం రాయనన్నాడు. 'అనుభవం' అన్న చోట, "పెళ్లయిన నాటి నుంచీ పూట తప్పకుండా తింటున్నాను. ఉప్పు తగ్గితే మొదటి ముద్దలోనే చెప్పగలను" అని రాశాడు. తల్లి చెప్పగా ఆవిడదీ అతనే రాశాడు: "కోడలు ఊడ్చిన ఇంట్లో రోజూ దుమ్ము చూపించాను. కడిగిన గిన్నెను వెనక్కి పంపని పూట లేదు." వంటక్క మాత్రం "వండుతాను, కడుగుతాను" అని రాసి ఊరుకుంది.

టెండర్లు తేల్చే కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు లేచి కంఠం సవరించుకున్నాడు.

"మిత్రులారా! వంట చేతి పని. ఎవరైనా చేస్తారు. రుచి ఒక దృష్టి! ఈయన ఎన్నేళ్లుగా తింటున్నారో చూడండి! ఇక శుభ్రత సంగతి. ఊడ్చేవాళ్లకి ఊడ్చిన చోటే కనబడుతుంది. ఊడవని చోటు కనబడాలంటే తీరిగ్గా కూర్చుని చూసేవాళ్లు కావాలి!"

సభ్యులు చప్పట్లు చరిచారు. అందరూ తీరిగ్గా కూర్చునే ఉన్నందున విషయం వాళ్లకు చప్పున బోధపడింది. పనిని రెండు ముక్కలు చేసి, భోజనం కాంట్రాక్టు మగడికి, శుభ్రత కాంట్రాక్టు అత్తగారికి ఖాయం చేశారు. వంటక్క టెండరు తిరస్కరిస్తూ కారణం కూడా తెలియజేశారు: "తాను వండినది తాను తిన్నట్టు అభ్యర్థి ఎక్కడా పేర్కొనలేదు. తన వంట మీద ఆమెకే నమ్మకం లేదని భావించవలసి వచ్చినది."

ఆ సాయంత్రం మగడు ఇంట్లో నడుముకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అతను అలా నిలబడడం అదే మొదలు.

"ఏమోయ్, నా కింద పని చేస్తావా, వేరేవాళ్లని చూసుకోమంటావా?"

"వేరేవాళ్లు ఎవరున్నారండీ?"

"అదే నేనూ అనేది. బయటివాళ్లకి ఎందుకు, నీకే ఇద్దామని."

"ఇదిగో అమ్మాయ్, గిన్నెలు నా కిందకొస్తాయి. చూసి తోము," అంది అత్తగారు.

మర్నాటి నుంచి సంస్కరణలు అమల్లోకి వచ్చాయి. అదే పొయ్యి, అదే గరిటె, అదే చెయ్యి. కొత్తగా వచ్చినవి రెండు కుర్చీలు. ఒకటి పొయ్యి పక్కన, ఒకటి కుళాయి పక్కన. బరువైన గంగాళం ఎత్తుకుని వంటక్క వాటిని చుట్టి తిరగాల్సి వచ్చేది. మగడు నాణ్యత పరీక్షిస్తూ పరీక్షిస్తూ పొట్ట పెంచాడు. పిల్లలు అతనికి రుచి మావయ్య అనీ, అత్తగారికి మరక మామ్మ అనీ పేర్లు పెట్టారు. చదువులో వాళ్లు చూపిన ఏకైక ప్రతిభ అదే.

అంతా సవ్యంగా జరుగుతోందని విని, కాంట్రాక్టును ఇదే ఇద్దరికీ శాశ్వతం చేద్దామా అని చూడడానికి కమిటీ భోజనం వేళకు తరలివచ్చింది. శాశ్వతమైతే వంటక్కకు ఆ వంటగదిలో రెండు కుర్చీల నీడ తప్ప మరేమీ మిగలదు. ఆవిడ పిల్లలందరికీ కడుపునిండా వడ్డించి, తరగతులకు పంపింది. అతిథులు వరుసగా కంచాల ముందు కూర్చున్నారు. శాశ్వతం కాబోయేది తామే కనుక మగడూ, అత్తగారూ వాళ్ల పక్కనే కూర్చున్నారు. వంటక్క చేతులు కడుక్కుని, తానూ ఒక కంచం తెచ్చుకుని వరుస చివర కూర్చుంది.

"ఏమోయ్, వడ్డించవేం?" మగడు గుసగుసగా అడిగాడు.

"అనుభవం సంపాదిస్తున్నానండీ. వచ్చే టెండరుకి కావాలిగా."

"పెద్దవాళ్ల ముందు ఏంటీ వేళాకోళం!"

"కాంట్రాక్టరు మీరు. లేచి వడ్డించండి, ఎవరొద్దన్నారు?"

అతను లేచి లోపలికి వెళ్లాడు. కాసేపటికి తల ఒక్కటే బయట పెట్టాడు. "అమ్మా, గరిటె ఎక్కడుంటుందే?"

"నన్నడుగుతావేంరా? నాది కడిగే విభాగం!"

భోజనం వచ్చేలోగా అధ్యక్షుడు ప్రసంగం మొదలుపెట్టాడు. భోజనం రాలేదు గనుక ప్రసంగం ఆగలేదు. లేచి వెళ్లి వడ్డించుకోవడం నిబంధనల్లో లేదు కనుక ఎవరూ లేవలేదు. చివరికి అందరూ ఆవలించి, ఫొటో దిగి, వెళ్లిపోయారు.

వారం తిరగకుండా నివేదిక వచ్చింది. "ఏ కంచంలోనూ ఒక్క మెతుకు కనబడలేదు. ఇంతటి శుభ్రత మేము ఎక్కడా చూడలేదు. ఆహారంలో లోపం ఎంచడానికి ఎవరికీ అవకాశం చిక్కలేదు. వరుస చివర కూర్చున్న ఒక మహిళ ఓర్పులో అందరినీ మించినది. ఆమెకు భోజన రంగంలో అపార అనుభవం ఉన్నట్టు తోచినది."

అందుకని కాంట్రాక్టు శాశ్వతం చేయకుండా మళ్లీ పిలిచిన టెండరులో వంటక్క గెలిచింది. వండుతుందని కాదు, కూర్చుందని. గెలిచిన రోజే రెండు కుర్చీలూ బయట పెట్టించింది. మగడు ఇప్పుడు నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ నిజంగా ఏడుస్తున్నాడు. అత్తగారికి మాత్రం, పెద్దావిడ కదా అని, కుర్చీ తిరిగి ఇచ్చి ఒళ్లో చిక్కుడుకాయల బుట్ట పెట్టింది.

కమిటీ అదే విధానాన్ని మిగతా బడులన్నిటికీ విస్తరిస్తోంది. కుర్చీలకు టెండర్లు పిలిచారు. పొయ్యి దగ్గర నిలబడే చోటుకు పిలవలేదు. ఆ మనిషి ప్రతి ఇంట్లోనూ ఎలాగూ ఒకరు ఉంటారని అధికారుల నమ్మకం. ఈ కథ సగంలో "టీ ఇంకా రాలేదేం?" అని లోపలికి కేకేసిన పాఠకులు ఆ నమ్మకాన్ని వమ్ము చేయలేదు.