ఉతికే గది గుమ్మం

ఆ రోజు పొద్దున్న ఆస్పత్రి స్టోర్ కీపర్ చేతిలో ఉన్నవి మూడు: రిటైర్మెంటుకు ఏడు నెలలు, ఒక కొలత టేపు, పదకొండింటి దాకా టైము. పదకొండుకు విచారణాధికారి వస్తున్నాడు. చౌకగా వచ్చే బట్టలుతికే యంత్రాన్ని కాదని ఖరీదైనది ఎందుకు కొన్నారో తేల్చడానికి. తేలకపోతే ఆ తేడా అంతా ఈయన పింఛనులోంచి కోస్తారు.

అసలు కారణం చిన్నది. చౌక యంత్రం అమ్మేవాడు మరమ్మతుకు పిలిస్తే రాడు, రెండోవాడు పిలిచిన రోజే వస్తాడు. పాతికేళ్ల అనుభవం చెప్పిన ఆ మాట రాయడానికి ఫైల్లో గడి లేదు. అందుకని ఆయన, చౌక యంత్రం వెడల్పు ముప్పై ఎనిమిది అంగుళాలనీ, ఉతికే గది గుమ్మంలో పట్టదనీ రాసేశాడు. గుమ్మాన్ని ఎవరు కొలవొచ్చారులే అనుకున్నాడు.

ఎనిమిదింటికి తనే కొలిచాడు. నలభై రెండు. చౌకదీ పడుతుంది, ఖరీదైనదీ పడుతుంది, పక్కన తనూ పడతాడు. చెమటలు తుడుచుకుంటూ వడ్రంగి బావమరిదికి ఫోన్ చేసి, గుమ్మం లోపలివైపు ఐదంగుళాల చెక్క కొట్టమన్నాడు. ముప్పై ఏడు మిగిలితే చౌకది ఆగిపోతుంది, ముప్పై నాలుగంగుళాల ఖరీదైనది దూరుతుంది. లెక్క సరిపోయింది.

బావమరిది వచ్చి పని ముగించి, కొత్త చెక్క పాతదానిలా కనబడాలని మురికినీళ్లు కూడా పూశాడు. పదకొండుకు ఐదు నిమిషాలుండగా స్టోర్ కీపర్ టేపు పెట్టాడు. ముప్పై రెండు.

“ఐదే కదరా చెప్పాను.”

“అటు ఐదు, ఇటు ఐదు. ఒక పక్కే కొడితే చూడ్డానికి బావుంటుందా బావా? నా పని అలా ఉండదు.”

ఊడదీయడానికి వ్యవధి లేదు. బావమరిదిని వెనకదారిన పంపేసరికి అధికారి రానే వచ్చాడు. గుమ్మం కొలిచాడు, ముప్పై రెండు. లోపలికెళ్లి యంత్రం కొలిచాడు, ముప్పై నాలుగు. కళ్లజోడు తుడుచుకుని రెండూ మళ్లీ కొలిచాడు.

“ఇది లోపలికి ఎలా వచ్చిందయ్యా?”

స్టోర్ కీపర్ టేపును జేబులోకి తోసేశాడు. పొద్దుటి నుంచీ సుత్తి చప్పుడు వింటూ దుప్పట్లు మడుస్తున్న ఆయా తల ఎత్తకుండానే అంది:

“వచ్చినప్పుడు సందు బాగానే ఉంది సారూ. ఈ ఆవిరికీ తడికీ చెక్క ఉబ్బిపోయింది. మీ ఇంట్లో స్నానాల గది తలుపు ఉబ్బదేంటి?”

అధికారి ఆలోచనలో పడ్డాడు. ఆ తలుపును ఆయన రెండు నెలలుగా భుజంతో తోస్తున్నాడు. గుమ్మాన్ని తాకి చూశాడు. వేళ్లకు తడి తగిలింది. ఇంకేమీ అడక్కుండా కూర్చుని పేజీన్నర రాసుకుని వెళ్లాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. గుమ్మం ఉబ్బుతుందని ముందే పసిగట్టి సన్నటి యంత్రాన్ని ఎంచిన స్టోర్ కీపర్ ముందుచూపు మెచ్చుకోదగ్గదట. ఇలాంటి మనిషిని వదులుకోకూడదట. ఆయన రిటైర్మెంటును రెండేళ్లు వాయిదా వేసి, జిల్లాలోని మొత్తం పదకొండు ఆస్పత్రుల కొనుగోళ్లు ఆయనకే అప్పగించారు.

అన్నీ పోను చివరికి మిగిలింది: చెక్కుచెదరని పింఛను, ఒక మెప్పు కాగితం, ఆ పింఛను చేతికొచ్చేలోగా ఇంకో రెండేళ్ల భయం.