బయో టెక్కలి షేర్లు

ముందుగా క్షమాపణ. అక్షరాలు నాకు ముదిరిన వయసులో వచ్చాయి. ఒత్తులు తప్పుతాను, చెయ్యి నెమ్మది. తప్పు కనిపిస్తే కొట్టెయ్యకండి. గోవిందరావుగారిలా పట్టి ఉంచుకోండి, ఎప్పటికైనా ఒప్పు కావచ్చు.

రెండువేల సంవత్సరంలో పలాస జీడిపప్పు వ్యాపారి గోవిందరావుగారు మన జిల్లా పారిశ్రామిక ప్రగతికి స్వయంగా శ్రీకారం చుట్టారు. టీవీలో ఎవరో "బయోటెక్, బయోటెక్" అంటుంటే విన్నారు. చివర 'కలి' అన్న ముక్కను ఆ పట్నంవాడు మింగేశాడని ఆయనకు వెంటనే బోధపడింది. పక్క ఊరు టెక్కలిలో కంపెనీ, పైగా మందులు చేసేది. ఆ ఏటి పప్పు అమ్మిన సొమ్మంతా పెట్టి షేర్లు తెప్పించారు.

"టెక్కలికి ముందు ఈ బయో ఏటండి?" అని భార్య వరహాలమ్మ అడిగింది.

"ఊరికీ కంపెనీకీ తేడా తెలవొద్దేటే?"

పలాసలో స్టాకు అంటే పప్పు. నిలవ చేయడం ఆయనకు ఒకరు నేర్పక్కర్లేదు. షేరు కాగితాలను ఎండబెట్టి, వేపాకు వేసి, పప్పు డబ్బాలో పెట్టి, పురుగు చొరకుండా మూతకు మాటు వేయించి గొడౌను అటక ఎక్కించారు. ధర వచ్చేదాకా డబ్బా విప్పరాదని ఇంట్లో ఉత్తర్వులు జారీ అయ్యాయి.

దీపావళికి ధర రాలేదు గాని, బావమరిది మన్మథరావు పేపరు పట్టుకుని వచ్చాడు. కంపెనీ మందు తిన్న ఎలకలు జబ్బు తగ్గకుండానే చచ్చిపోయాయట.

"ఎలకలికి పడనేదు, అంతే గదా బావా. మనుసులికి పడదని రాసాడేటి?"

రాయలేదని మన్మథరావు ఒప్పుకోవలసి వచ్చింది.

మరుసటి ఏడు కంపెనీ యజమాని ఎవరికీ కనిపించడం మానేశాడు. ప్రచారం కోరని మనిషని గోవిందరావుగారు మెచ్చుకున్నారు. ఆ తరవాత ఫ్యాక్టరీకి తాళం పడింది. ఏ ఊళ్లో అన్నది పేపరువాడు రాయలేదు. అందరికీ తెలిసిందే రాయడం దేనికి? "లోపల సరుకు నేకపోతే తాళం ఎందుకేత్తారు?" అన్నారాయన. షేర్లు అంటగట్టిన విశాఖ బ్రోకరు కూడా, కొనేవాడు దొరక్క, "లాంగ్ టెర్మ్ ఉంచండి సార్" అని సలహా ఇచ్చాడు. చవకైంది గనుక ఇంకా కొనాలని గోవిందరావుగారు తీర్మానించారు. అందుకు నందిగాం దగ్గర జీడితోట ఉండనే ఉంది. కాకపోతే అది వరహాలమ్మకు పుట్టింటివారు ఇచ్చిన తోట. అమ్మాలంటే ఆవిడ సంతకం కావాలి.

ఆ తోటలో ఏ చెట్టు ముందు పూస్తుందో ఆవిడకు తెలుసు. ఏ కొమ్మ కింద తన తల్లి అన్నం మూట విప్పేదో కూడా తెలుసు.

"సంతకం పెడతాను. ముందు ఆ కంపెనీ నా కల్లకి సూపించండి," అంది.

రిజిస్ట్రేషను రోజున టెక్కలిలో దిగారు. "టెక్కలంటే ఇదే. బయో గియో మాకు తెలవదు," అన్నారు బస్టాండులో. ఒక ఆటోవాడు మాత్రం, బేరం పోకూడదని, తనకు తెలుసన్నాడు. ఊరు దాటించి తుమ్మతుప్పల దగ్గర దింపాడు. అక్కడొక శంకుస్థాపన రాయి ఉంది, అక్షరాలు చెరిగిపోయి. గోవిందరావుగారు చెప్పులు విడిచి దండం పెట్టారు.

"సూసావా? రాయేసీసారు. ఇంక గోడలే తరువాయి."

వరహాలమ్మ అక్కడ మేకలు కాస్తున్న పోలారావు అనే ఆయనను అడిగింది.

"అది మంచినీల్ల పథకం రాయమ్మా. నా పెల్లికి ముందేసినారు. మా మేకలు దానికే గోక్కుంటాయి."

వరహాలమ్మ సంతకం పెట్టకుండా అదే ఆటోలో వెనక్కి తిరిగింది. తోట నిలిచింది. చచ్చిన కంపెనీని పట్టుకుని వేలాడే మనిషిని చూసి పలాస చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లన్నీ కడుపారా నవ్వుకున్నాయి.

ఆ వారమే, ఉద్దానానికంతా నీళ్లిస్తానని ఓట్లు పట్టుకెళ్లిన నాయకుడు వచ్చి పాత రాయి పక్కన కొత్త రాయి వేశాడు. "సోదర సోదరీమణులారా, నీళ్లు ఆలస్యం కావచ్చు, ఆశయం చావలేదు. మీ నమ్మకమే నాకు పెట్టుబడి. మరొక్క దఫా ఓపిక పట్టండి," అన్నాడు. జనం దండలు వేశారు. నవ్వినవాళ్లందరూ, వరహాలమ్మతో సహా, బిందెలు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

గోవిందరావుగారు ఒక్కరే కొట్టలేదు. మన్మథరావు చెవి దగ్గరకు వంగి నెమ్మదిగా అడిగారు.

"మరి పెట్టుబడికి ఈల్లు కాయితం ఇవ్వరేటి బావా?"

బమ్మిడి బొడ్డమ్మ, అరవై ఏడేళ్లు, ప్రస్తుతం మందసలో కూతురింట.