క్రిములకు ప్రవేశం లేదు

జగదల్‌పూర్‌లోని మంగళ శిశు ఆరోగ్య నిలయంలో నవజాత శిశు పాలసీసాల ఎంపిక సంఘం తొలి సమావేశం దిగ్విజయంగా ముగిసింది. సంఘం పేరు, రబ్బరు ముద్ర, సమావేశాల్లో పెట్టవలసిన ఫలహారం ఏకగ్రీవంగా ఖరారయ్యాయి. పాలసీసా ఒక్కటే మిగిలిపోయింది.

ఈ సంఘం ఊరికే పుట్టలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే గదిలో వరసగా కొందరు పసివాళ్లకు ఇన్‌ఫెక్షన్ సోకింది. సీసాల మెడల్లో బ్రష్షు అందని చోట పాలజిడ్డు పేరుకుంటోందని పరీక్షల్లో తేలింది. సరైన సీసాను ఎంపిక చేయాలని యాజమాన్యం ఆదేశించింది. అసలు సీసా ఎందుకని ఎవరూ అడగలేదు. అది సంఘం పరిధిలోకి రాదు.

అధ్యక్షులు డాక్టర్ చక్రధరరావు గారు. బచేలి గనుల కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువారు. శుభ్రత అంటే ఎంత పట్టింపో చెప్పలేం. ఎవరితోనైనా కరచాలనం చేస్తే వారి కళ్లెదుటే చేతులు కడుక్కునేవారు.

మలి సమావేశానికి నమూనా సీసాలు వచ్చాయి. సభ్యులు వాటిని చేతులు మార్చుకుంటూ క్షుణ్ణంగా పరిశీలించారు. ఇంజనీరు ఒకదాన్ని బల్లమీంచి కింద పడేసి, తీసి, ప్యాంటుకు తుడిచి, గట్టిదేనని ధ్రువీకరించాడు. మరొక సభ్యుడు సమోసా తిన్న చేత్తో పాలపీకను నొక్కి "బహుత్ ములాయం హై" అని, అంటే చాలా మెత్తగా ఉందని, నివేదించాడు. సీసా మీద అడవిదున్న కొమ్ముల బొమ్మ ఉంటే బస్తర్ సంస్కృతిని గౌరవించినట్టవుతుందని ఇంకొకరు సూచించారు. చివరికి 'క్రిములకు ప్రవేశం లేదు' అని హిందీలోనూ ఇంగ్లిషులోనూ అచ్చేసిన సీసా గెలిచింది. అంత స్పష్టంగా రాసి ఉన్నాక మళ్లీ మరిగించడం తయారీదారుని అవమానించడమేనని సంఘం అభిప్రాయపడింది. చక్రధరరావు గారు పట్టుబట్టి ఆ మాటను తెలుగులో కూడా వేయించారు. సరిహద్దు తెలుగువారికి ఇది చారిత్రక విజయమని ఊళ్లోని మనవాళ్లు ఆయనకు శాలువా కప్పారు.

సీసా ప్రారంభోత్సవం కన్నులపండువగా జరిగింది. సీసా మెడకు కట్టిన రిబ్బను కత్తిరించారు. ఫొటో కోసం నిద్రపోతున్న ఒక శిశువును లేపారు. అతిథులందరూ బూట్లతోనే లోపలికి వచ్చి వెళ్లారు. ఆపైన, ఇన్‌ఫెక్షన్ నివారణలో భాగంగా తల్లుల ప్రవేశం నిషేధించి, ఉగ్గుగిన్నెల్ని బయట పారేయించారు.

ఆ లేచిన శిశువు తల్లి పేరు భీమే. ఎర్రబోరు నుంచి వచ్చిన వ్యవసాయ కూలీ. గది బయట ఆమె అధ్యక్షులవారిని అడ్డగించింది.

"సారూ, నా పాలు పిండి గిన్నెతోటి పోస్త. పిల్ల ఆ సీసా చీకలేక అలిసిపోతాంది. అదెందుకు సారూ?"

చక్రధరరావు గారు గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా, నీ భాషలోనే చెప్తున్నాను. ఇది విజ్ఞాన యుగం. నీ చెయ్యి, నీ చీర, నీ గిన్నె, ఇవన్నీ క్రిములకు నిలయాలు. సీసా మీద ఏం రాసుందో చదువుకో."

"నాకు చదువు రాదు సారూ."

"అందుకే సంఘం వేశాం" అన్నారాయన.

వారం తిరక్కముందే భీమే కూతురికి పొట్ట ఉబ్బి, ఒళ్లు చల్లబడింది. మందులు మొదలుపెట్టారు. సంఘం అత్యవసరంగా సమావేశమై, సీసా రంగు కాస్త లేతగా ఉండడమే లోపమని గుర్తించింది.

సరిగ్గా అప్పుడే, పురిటికి వచ్చిన చక్రధరరావు గారి అమ్మాయి శిరీషకు నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల. తాతగారి అరచేతిలో ఇమిడిపోయేంత. భీమే కూతురి పక్కనే ఆ పిల్లనూ పడుకోబెట్టారు. నర్సు నవీన సగౌరవంగా సీసా తెచ్చింది.

చక్రధరరావు గారు దాన్ని అందుకుని మొదటిసారిగా వెలుతురుకెత్తి లోపలికి చూశారు. మెడ దగ్గర తెల్లటి చార. గోటితో గీరబోయారు. గోరు అందలేదు.

"సిస్టర్, ఉగ్గుగిన్నె ఉందా?"

"మీరే పారేయించారు కదా సార్."

"మా ఇంట్లో ఉంది. తెప్పించి బాగా మరిగించండి. శిరీషను లోపలికి పిలవండి."

"మరి సంఘం, సార్?"

"సంఘం సీసాల కోసమమ్మా. ఇది గిన్నె. మన పరిధిలోకి రాదు."

అద్దం తలుపు అవతల్నుంచి భీమే ఇదంతా చూసింది. శిరీష లోపలికి వెళ్లగానే తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఏంది సారూ ఇది? నీ బిడ్డ పాలు పాలు, నా పాలు రోగమా? ఆమె పోయిన కాడికి నేను పోతే ఏమైతది?"

ఆ మాటే దోర్లీలో, హల్బీలో, హిందీలో కూడా అడిగింది. వరండాలో కూర్చున్న తల్లులందరూ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చక్రధరరావు గారు పక్కకు తప్పుకున్నారు.

భీమే మోచేతుల దాకా చేతులు కడుక్కుని, పాలు పిండి, మరిగించిన గిన్నెతో చుక్కచుక్కగా పోసింది. పిల్ల గుటక వేసింది. మళ్లీ వేసింది. అది చూస్తున్న చక్రధరరావు గారికి సిగ్గనిపించింది. అదృష్టవశాత్తు దాన్ని పోగొట్టడానికి మర్నాడే సమావేశం ఉంది.

భీమే కూతురు కోలుకుంది. తల్లులు లోపలికి వస్తూ, గిన్నెలు మరుగుతూ ఉండగా ఇన్‌ఫెక్షన్లు తగ్గిపోయాయి. సంఘం అవిరళ కృషి వల్లే ఇది సాధ్యమైందని తీర్మానించారు. వాడకుండా మిగిలిన సీసాలను, ఇంటికెళ్లే ప్రతి తల్లికీ పువ్వుతో సహా బహూకరించాలని నిశ్చయించారు. గేటు దాటాక సోకే ఇన్‌ఫెక్షన్ ఎవరి పరిధిలోకీ రాదు.

భీమే పువ్వు తీసుకుని సీసా వదిలేసి బస్సెక్కింది. తక్కినవాళ్లు పెద్ద డాక్టరు ఇచ్చిన సీసా అని కళ్లకద్దుకుని పట్టుకెళ్లారు.

వానలు పడేసరికి వాంతులు, విరేచనాలతో, ఆ సీసాలతోనే వచ్చిన పసివాళ్లతో పై అంతస్తు నిండిపోయింది. ఆ విభాగం వేరు కాబట్టి దానికి వేరే సంఘం వేశారు. అనుభవజ్ఞులు కావాలి గనక అధ్యక్షులుగా చక్రధరరావు గారినే ఎన్నుకున్నారు. ఆ సందర్భంగా జరిగిన సన్మాన సభలో పెద్ద డాక్టరే కాపాడతాడన్న నమ్మకంతో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పై అంతస్తులోని పిల్లల తండ్రులే.