మేస్త్రీ కిడ్నీలో సిమెంటు

మధ్యాహ్నానికల్లా పడమటి గోడ ప్లాస్టరింగ్ ముగించెయ్యాలని తాపీమేస్త్రీ పొద్దున్నే లెక్కేసుకున్నాడు. ఇంతలో ఎడమ డొక్కలో పోటు లేచింది, మూత్రంలో నెత్తురు పడింది. ఏడాదిలో ఇది మూడోసారి. ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ స్కానింగ్‌కి చీటీ రాసింది.

"మూత్రంలో రాయి పడితే వడకట్టి తెండి. అదేం రాయో తెలిస్తే ఎందుకొస్తోందో తెలుస్తుంది. ఇలాగే వదిలేస్తే కిడ్నీ పాడవుతుంది" అంది.

మేస్త్రీ భయపడ్డాడు. అతనికి భయమేస్తే కోపమొస్తుంది. చీటీ జేబులో కుక్కి, ఇంటికెళ్లి టీ వడకట్టే జాలీ అడిగాడు.

"దానిమీద చెయ్యేశారంటే మర్యాదగా ఉండదు!" అంది భార్య.

"నా కిడ్నీ కంటే నీ టీ ఎక్కువైపోయిందా?" అని గయ్యిమన్నాడు. పంతానికి పోయి, పనిచోట ఇసుక జల్లెడలోంచి జానెడు ముక్క కత్తిరించుకున్నాడు. మూడోరోజు అందులో బూడిదరంగు పలుకు దొరికింది. పట్టుకెళ్లి ల్యాబులో ఇచ్చాడు.

రిపోర్టు వచ్చింది. ఇసుక, సిమెంటు.

మేస్త్రీ శివాలెత్తిపోయాడు. "ఇరవై ఏళ్లు నీ సిమెంటు పీల్చి పీల్చి కిడ్నీలో గోడ లేచిందయ్యా! ఇదిగో రుజువు!" అంటూ కాంట్రాక్టరు మీదకి వెళ్లాడు. పరంజా మీదున్న వాళ్లంతా బిలబిలా దిగారు. ఒకడికి అప్పటికప్పుడు నడుంనొప్పి పుట్టింది, ఇంకొకడికి రెండు వైపులా పుట్టింది. పని ఆగిపోయింది. కాంట్రాక్టరు చెమటలు కక్కుతూ అందర్నీ వ్యానెక్కించి డాక్టరమ్మ ముందు దింపాడు. కబురంది భార్య కూడా పరిగెత్తుకొచ్చింది.

"దేంతో వడకట్టారు?" అడిగింది డాక్టరమ్మ.

మేస్త్రీ జేబులోంచి జల్లెడ ముక్క లాగి బల్లమీద ఫెడీమని కొట్టాడు. దాన్నుంచి అలాంటి పలుకులే ఇంకో నాలుగు రాలాయి. జల్లెడతోపాటు జేబులోంచి స్కానింగ్ చీటీ కూడా బయటపడింది, మడత విప్పకుండా.

డాక్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు స్కానింగ్ చేయించింది. అసలు రాయి కదలకుండా కిడ్నీలోనే ఉంది.

"రోజుకెన్ని నీళ్లు తాగుతారు?"

"పనిలో తీరికెక్కడిదండీ? ఓ గ్లాసుడు."

భార్య ఇక ఆగలేకపోయింది. "గోడకి మాత్రం మూడుపూటలా నీళ్లు కొట్టిస్తారండీ! ఒక్కపూట తప్పితే పగిలిపోతుందని అందర్నీ తిట్టిపోస్తారు!"

"అదిగో, కారణం దొరికింది" అంది డాక్టరమ్మ.

భార్య ఇంటికెళ్లగానే టీ జాలీ తెచ్చి విసురుగా మేస్త్రీ చేతిలో పెట్టింది.

మర్నాడు కాంట్రాక్టరు నీళ్లు కొట్టాల్సిన వాటి పట్టీలో, పడమటి గోడ తర్వాత మేస్త్రీ పేరు కూడా చేర్చాడు.